పెరటి షెడ్డుకు వాన తట్టుకునే జంట తలుపులు: తిరుపతి ప్రాజెక్టు డైరీ

జూలై చివర – దిక్కు, కొలతలు

షెడ్డు 10 × 8 అడుగులది. గట్టి సిమెంటు ఇటుక గోడలు, పైన రేకులు. తలుపు తూర్పు గోడకు వస్తుంది. వాస్తుకు తూర్పు వాకిలి మంచిదే గానీ వాన విషయంలో అదే అన్నిటికన్నా చెడ్డ దిక్కు. తిరుపతిలో ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే గాలి ఈశాన్యం నుంచో తూర్పు నుంచో తోస్తుంది, జల్లు నేరుగా తలుపు ముఖాన కొడుతుంది. మళ్ళీ ఏప్రిల్, మే వచ్చేసరికి 40 డిగ్రీలు దాటే ఎండ అదే చెక్కను పీల్చేస్తుంది. కాబట్టి ఈ పనిలో రంగు, రబ్బరు తర్వాతి మాట. తలుపులోకి దూరిన నీటికి బయటికి దారి ఉందా, చెక్క ఉబ్బడానికి, కుదించుకోవడానికి చోటుందా అన్నది ముందు తేల్చుకోవాలి.

రెక్కలు బయటికి తెరుచుకునేలా పెట్టాం. లోపల సామాను జరపక్కర్లేదు, పైగా గాలి తోసేకొద్దీ రెక్క వాకిలి చట్రానికి ఇంకా గట్టిగా ఆనుతుంది. బందులు బయటికి కనబడటం ఒక్కటే లోపం, దానికి మందు కింద ఉంది.

కొలతలన్నీ అంగుళాలు, నూళ్ళలోనే రాసుకున్నాం (అంగుళానికి 8 నూళ్ళు, నూలు అంటే సుమారు 3 మి.మీ.). చట్రం బయటి వెడల్పు 64 అంగుళాలు. నిలువు పట్టెల మందం రెండున్నర. రెక్క కూర్చునే మెట్టు పక్కకు అర అంగుళం. అంటే రెక్కలు రెండూ పట్టే చోటు సరిగ్గా 60 అంగుళాలు. ఒక్కో రెక్క 29 అంగుళాల 6 నూళ్ళు. రెండు రెక్కలు పోను అర అంగుళం, అంటే 4 నూళ్ళు మిగులుతాయి: బందుల వైపు చెరో నూలు, నడుమ రెండు నూళ్ళు. ఎత్తు 76 అంగుళాలు, పైన నూలు, కింద 3 నూళ్ళ సందు. గోడలో వదిలే ఖాళీ చట్రం కన్నా పక్కకు 3 నూళ్ళు, పైన 3 నూళ్ళు ఎక్కువ ఉండాలి. సీలెంటు (సందు మూసే రబ్బరులాంటి ముద్ద) అందులోనే పడుతుంది.

ఈ సందులు ఆగస్టు, సెప్టెంబరుల్లో చేసే తలుపుకు. మండు వేసవిలో చెక్క ఎండి ఉంటుంది కాబట్టి అప్పుడు చేస్తే నడుమ సందు 3 నూళ్ళు వదలాలి. నవంబరు తడిలో చేస్తే నూలున్నర చాలు, ఎండకు తనే పెరుగుతుంది. ఏ నెలలో చేస్తున్నారో అడగకుండా సందు చెప్పే ఆచారి మాట నమ్మవద్దు.

ఆగస్టు – చెక్క

చట్రానికి వేప, రెక్కలకు టేకు. చట్రానికి ఒకటిన్నర ఘనపు అడుగు, రెక్కలకు చిత్రిక తరుగు, కోత తరుగు కలుపుకుని ఆరు ఘనపు అడుగులు పట్టింది. వేప చేవకు చెదలు అంత తొందరగా పట్టవు, చిత్తూరు, తిరుపతి వైపు ఏ సామిల్లులోనైనా దొరుకుతుంది. అయితే పచ్చిది తెస్తే మెలి తిరుగుతుంది. పట్టె అంచున తెల్లచెక్క ఉంటే చేవ దాకా చెక్కేయాలి, చెదలు మొదలయ్యేది అక్కడే.

అసలు మేలు, పడగొట్టిన పాత ఇళ్ళ దూలాలు, వాకిళ్ళు. దశాబ్దాలుగా ఆరిన చెక్క అది, కొత్తగా మెలి తిరగదు. కొనే ముందు అయస్కాంతంతో నాలుగు వైపులా తడిమి చూడాలి. లోపల విరిగిన మేకు ఒక్కటి ఉన్నా ప్లేనర్ బ్లేడు పోతుంది. రెండు సూదుల తేమ మీటరుతో కోసిన కొసన కాకుండా పట్టె నడుమ గుచ్చి చూడాలి. 12 శాతం లోపు ఉంటేనే పని మొదలుపెట్టాలి. 15, 16 చూపిస్తే నీడలో, గాలి ఆడేచోట, పట్టెల మధ్య అంగుళం పుల్లలు పెట్టి పేర్చి ఆగడమే. ఎండలో పెడితే తొందరగా ఆరుతుందనుకుంటారు, కొసలు పగులుతాయి.

ప్లైవుడ్ ఫ్లష్ డోరు ఎందుకు కాదని అడుగుతారు. బాత్రూముకు సరే. బయట ఎండా వానా నేరుగా తగిలే చోట కింది అంచున పట్టీ జిగురు ముందు విడుతుంది, అక్కడి నుంచి పొరలు విచ్చుకుంటాయి. నీటిని తట్టుకునే ఐ.ఎస్. 710 మెరైన్ ప్లై అయినా కోసిన అంచుకు సీలు లేకపోతే అదే గతి, కాకపోతే ఇంకొన్నేళ్ళు ఆలస్యంగా.

పలకల లెక్క

రెక్కకు చుట్టూ చట్రం, లోపల నిలువు పలకలు. ఒకే వెడల్పాటి చెక్కలా అతికించకుండా ఇలా చేయడానికి కారణం లెక్కలో ఉంది. మామూలు పలకల కోత (ఫ్లాట్ సాన్) టేకు తేమ ఒక శాతం మారితే వెడల్పులో సుమారు 0.19 శాతం కదులుతుంది. వేసవికీ ముసురుకీ మధ్య 6 శాతం తేడా అనుకుంటే, 756 మి.మీ. రెక్క మొత్తం ఒకటిగా అతికితే ఎనిమిదిన్నర మి.మీ. దాకా కదులుతుంది, అలాంటివి రెండు ఎదురెదురు. అదే చట్రం పద్ధతిలో కదిలేది రెండు నిలువు పట్టెలే. కలిపి 8 అంగుళాలు, అంటే రెండు మి.మీ. పైచిలుకు. నడుమ పలకల కదలిక వాటి సందుల్లోనే సర్దుకుంటుంది.

నిలువు పట్టెలు 4 అంగుళాల వెడల్పు, మందం 14 నూళ్ళు. పై అడ్డ పట్టె కూడా అంతే. నడుమ, కింది అడ్డ పట్టెలు 6 అంగుళాల వెడల్పు, కానీ మందం 9 నూళ్ళే. మిగిలిన 5 నూళ్ళు పలక మందం. పలకలు ఈ రెండు పట్టెల మీదుగా బయటి వైపు రెక్క అడుగు దాకా దిగిపోతాయి. కింది పట్టె కూడా పూర్తి మందంతో పెట్టి పలకలను దాని మీద ఆపితే, జారిన నీరంతా ఆ గాడిలో నిలిచి తలుపు అక్కడి నుంచే కుళ్ళుతుంది. కుళ్ళిన పాత తలుపులు ఎన్ని విప్పి చూసినా ముందు పోయినది ఈ కీలే.

నిలువు పట్టెల మధ్య 21 అంగుళాల 6 నూళ్ళు. అందులో ఐదు పలకలు, ఒక్కోటి బయటికి కనబడేది 4 అంగుళాల 2 నూళ్ళు. మిగిలిన అర అంగుళాన్ని ఆరు కీళ్ళకు పంచితే తలా 2 మి.మీ. పై లెక్క ప్రకారం 108 మి.మీ. పలక కదిలేది మి.మీ. పైచిలుకే, కాబట్టి సరిపోతుంది. వేప పలకలు వాడేవాళ్ళు రెండున్నర, మూడు మి.మీ. వదిలితే మంచిది. సందు సమంగా రావడానికి పలకల మధ్య 2 మి.మీ. రేకు ముక్కలు పెట్టి బిగించి, తర్వాత తీసేయాలి.

పలకలకు జిగురు వేయకూడదు. లోపలి నుంచి, నడుమ, కింది అడ్డ పట్టెలు ఒక్కోదాని గుండా, పలక వెడల్పు నడిమధ్యన ఒక్క 40 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూ, అంతే. రెండు రెక్కలకు కలిపి ఇరవై. పలక వెడల్పుకు రెండు అంచులా రెండు స్క్రూలు కొడితే గట్టిగా ఉంటుందని కొడతారు, మొదటి వేసవిలోనే పలక నిలువునా చీలుతుంది. మామూలు ఇనుప స్క్రూ వద్దు, వాన తగిలితే చుట్టూ చెక్కలో నల్ల మరక దిగుతుంది.

ఇంకో చిన్న పని, చాలామంది వదిలేసేది: పలకలు కూర్చకముందే వాటి అంచుల్లో ఒకదాన్లోకి ఒకటి దూరే నాలుకలకూ గాడులకూ ప్రైమరు పూయాలి. లేకపోతే మే నెలలో పలక కుదించుకున్నప్పుడు ప్రతి కీలు దగ్గరా రంగు లేని పచ్చి చెక్క గీతలా బయటపడుతుంది, తర్వాతి వాన నీరు తాగేది అక్కడే.

ఆగస్టు–సెప్టెంబరు – కీళ్ళు, ఏటవాలు పట్టెలు

అడ్డ పట్టెలన్నీ కుసి, బెజ్జం కీలుతో (అడ్డ పట్టె కొసను సన్నగా చెక్కిన కుసి, నిలువు పట్టెలోని బెజ్జంలోకి దూరుతుంది). బెజ్జం నిలువు పట్టె మందంలో మూడో వంతు. జిగురు నీటికి కరగని రకం, దానితో పాటు ఆరిన వెదురు మేకులు, 8 మి.మీ.వి. కుసిలో రంధ్రాన్ని భుజం వైపు ఒక మి.మీ. జరిపి వేస్తే మేకు దిగేటప్పుడు కీలును తనే లాగి బిగిస్తుంది. జిగురు ఎప్పటికైనా అలిసిపోవచ్చు, వెదురు మేకు మాత్రం పట్టు వదలదు.

ఏటవాలు పట్టె కింది కొస బందుల వైపు ఉండాలి, పై కొస నడుమ వైపు. రెక్క బరువు నడుమ వైపు కిందికి లాగుతుంది, ఆ బరువును ఈ పట్టె నొక్కుడుగా తీసుకుని కింది బందు మీద పడేస్తుంది. తిరగేసి పెడితే లాగుడు మీద పడుతుంది, కీలు తెరుచుకుని ఏడాది తిరగకముందే రెక్క గడపను రాస్తుంది. సరిచూసుకోవడం తేలిక: రెక్కలు రెండూ మూసి లోపలి నుంచి చూస్తే ఏటవాలు పట్టెలు గుడిసె కప్పులా నడుమకు ఎగబాకుతూ కనబడాలి. పట్టె కొసను మూలలో కుక్కకుండా, మూలకు అంగుళంన్నర ఇవతల అడ్డ పట్టెలోకే గాడి కొట్టి కూర్చోబెట్టాలి. మూలలో పెడితే అది నొక్కేది కుసినే.

కూర్చిన రెక్కకు కర్ణాలు కొలిస్తే తేడా నూలు లోపే ఉండాలి. బల్లపరుపుగా ఉందో లేదో చూడటానికి ఎదురెదురు మూలల నుంచి రెండు దారాలు కట్టాలి. నడుమ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే మెలి లేనట్టు. పై దారాన్ని కింది దారం తోస్తున్నా, రెండిటి మధ్య ఖాళీ కనబడుతున్నా జిగురు ఆరకముందే సరిచేయాలి, ఆరాక చేయగలిగింది లేదు.

సెప్టెంబరు – గడప, వాకిలి నిలబెట్టడం

గడపకు చెక్క పెట్టలేదు. గ్రానైటు రెండు ముక్కలు, 18 మి.మీ. మందం. కింది ముక్క 6 అంగుళాల వెడల్పు, బయటికి 2 నూళ్ళ వాలు. బయటి అంచు అడుగున రాయి మిషనుతో ఒక గాడి, నీరు వెనక్కి పాకకుండా. దాని లోపలి రెండు అంగుళాల మీద పై ముక్క కూర్చుంటుంది, అదే లోపలి మెట్టు. రెక్క అడుగు ఈ మెట్టు కన్నా 2, 3 నూళ్ళు కిందికి దిగి ఆనుతుంది. రాళ్ళ మధ్య కీలుకు పాలీయురితేన్ సీలెంటు.

మెట్టు వల్ల ఇంకో లాభం ఉంది. టవర్ బోల్టు (నిలువుగా జారే గడియ) రెక్క లోపలి ముఖాన ఉంటుంది కాబట్టి దాని రంధ్రం మెట్టు పై ముక్కలో, తడి తగలని వైపు పడుతుంది. సమతలంగా గడప వేస్తే ఆ రంధ్రంలో ఎప్పుడూ నీళ్ళూ ఇసుకే.

షెడ్డు నేల బయటి మట్టం కన్నా కనీసం 6 అంగుళాలు ఎత్తున ఉండాలి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీరు పారినప్పుడు చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఏ తలుపూ వరదను ఆపదు, ఎత్తు ఒక్కటే ఆపుతుంది.

చట్రం కాళ్ళను కాంక్రీటులో పాతే అలవాటు మన వైపు ఇంకా ఉంది. పాతిన కొస నేల తడిని పీలుస్తూ ఉంటుంది, చెదలకూ అదే మెట్లదారి. ఇక్కడ కాళ్ళు రాయికి 6 మి.మీ. పైనే ఆగాయి, కొసలకు మూడు పూతలు ఎపాక్సీ. బరువంతా గోడ మీదే: పక్కకు నాలుగు చొప్పున 10 × 135 మి.మీ. ఫ్రేమ్ యాంకర్లు (చట్రం గుండా గోడలోకి దిగే పొడవాటి బిగింపులు), అందులో మూడు సరిగ్గా బందుల దగ్గర. గోడ వైపు ముఖానికి తారు పెయింటు. బోలు ఇటుకల గోడ అయితే ఆ వరుసలు ముందే కాంక్రీటుతో నింపాలి, లేదంటే యాంకరు ఊడొస్తుంది.

చట్రం గోడ బయటి ముఖానికి సమంగా రావాలి. లోపలికి జరిపితే రెక్క తొంభై డిగ్రీల దగ్గరే గోడకు తగిలి ఆగుతుంది. సమంగా పెట్టినందుకు గోడా చట్రమూ కలిసేచోట వాన నేరుగా తగులుతుంది, అందుకే ఆ 3 నూళ్ళ సందులో ఫోమ్ తాడు దూర్చి పైన సీలెంటు. సిమెంటు మెత్తితే వేప కదిలిన మొదటి వేసవిలోనే వెంట్రుకంత చీలిక వస్తుంది, నీటికి అది చాలు.

చట్రంలో రెక్క కూర్చునే మెట్టు లోతు 15 నూళ్ళు, రెక్క మందం 14. ఆ మిగిలిన నూలు రబ్బరుకు. బల్బు ఆకారపు ఈపీడీఎం (ఎండావానలు తట్టుకునే రకం) రబ్బరు, 6 మి.మీ.ది, నొక్కుకుని 3 అవుతుంది. రబ్బరు ఎప్పుడూ మెట్టు లోపలి అంచునే ఉండాలి. బయటి అంచున అతికిస్తే వెనక చేరిన నీటికి దారి మూసేసినట్టే.

బందులు

ఒక్కో రెక్క 30 కిలోల చుట్టూ తూగుతుంది. రెక్కకు మూడు, 5 అంగుళాల స్టెయిన్‌లెస్ 304 బందులు, రేకు మందం 3 మి.మీ. మడిచినప్పుడు రెండు రేకులు కలిపి 6. మనకు కావలసిన సందు 3. కాబట్టి పట్టెలో ఒకటిన్నర, చట్రంలో ఒకటిన్నర ఉలితో దించాలి. ఎక్కువ దించితే రెక్క మూసేటప్పుడు బందు దగ్గరే బిగుసుకుని స్క్రూలను పీకుతుంది. దిగినచోట అట్టముక్క పెట్టి లేపడమే మందు. స్క్రూలు 50 మి.మీ.వి, ముందు సన్న రంధ్రం వేసి.

బయటి బందుల భయానికి: పిన్ను వెల్డు చేసిన రకమే కొనాలి, దాంతో పాటు పై బందు కిందా కింది బందు పైనా రెక్క అంచులో ఒక్కో లావు స్క్రూ దించి తలను పది మి.మీ. బయటికి వదిలి, ఎదురుగా చట్రంలో దానికి రంధ్రం వేయాలి. మూస్తే అది రంధ్రంలో కూర్చుంటుంది, పిన్ను కోసినా రెక్క ఊడదు.

నడుమ సందు

జంట తలుపుల బతుకంతా ఈ రెండు నూళ్ళ సందులోనే ఉంది. ఎడమ రెక్క నిలకడది, పైన 12, కింద 10 అంగుళాల టవర్ బోల్టులతో. కుడిది ముందు తెరిచేది. బయటి పట్టీ (2 అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం) కుడి రెక్కకే స్క్రూ చేసి, ఎడమ దాని మీదికి అంగుళం కప్పాలి. లోపలి పట్టీ ఎడమ రెక్కకు, కుడి దాని వెనక్కి అంగుళం. ఇవి తారుమారైతే తలుపే తెరుచుకోదు.

బయటి పట్టీ నీటిని ఆపడానికి, రబ్బరు ఉన్న లోపలి పట్టీ గాలిని ఆపడానికి. రెండిటి మధ్య సందు ఖాళీగా ఉండాలి, దూరిన నీరు నిలువునా జారి గడప వాలు మీదికి పోతుంది. బయటి పట్టీ వెనక, ఎడమ రెక్కను తాకే ముఖాన 6 మి.మీ. గాడి నిలువునా కొట్టాలి. రెండు చెక్కలు ఆనుకున్న చోట నీరు తనంతట పక్కకు పాకుతుంది, గాడి దగ్గర ఆ పాకుడు తెగిపోతుంది.

అడుగున ప్రతి రెక్కకూ బయట నీటి పట్టె: రెండు అంగుళాలు ముందుకు, పై ముఖం వాలుగా, అడుగున అంచుకు 3 నూళ్ళ ఇవతల 6 మి.మీ. గాడి. దాన్ని నడుమ పట్టీకి ఆనించి కోయాలి, లేకపోతే ఎడమ రెక్క నీటి పట్టె ఆ నడుమ పట్టీకి అడ్డం పడుతుంది.

బయటి ఆల్‌డ్రాప్ (తాళం వేసే అడ్డ గడియ) ఈ నడుమ పట్టీని దాటాలి కాబట్టి దాని రెండు ముక్కల కిందా అర అంగుళం చెక్క లేపుడు ఇచ్చాం. బిగింపు స్క్రూలతో కాకుండా, లోపల నట్టు పడే గుండుతల బోల్టులతో.

అక్టోబరు మొదట్లో – రంగు, నీళ్ళ పరీక్ష

రెక్కలను మళ్ళీ దించి రంగు. అడుగు అంచూ పై అంచూ బిగించాక ఎవరి బ్రష్షూ చేరని చోట్లు, అక్కడ కోసిన చెక్క నీటిని గొట్టంలా పీలుస్తుంది. వాటికి మూడు పూతలు. మిగతా అంతటా 120 నంబరు ఉప్పుకాగితం, రెండు పూతలు ప్రైమరు, రెండు పూతలు బయటి వాడకపు ఎనామెల్. చట్రంతో కలిపి చెరో లీటరున్నర పట్టింది. లోపలి ముఖానికి ఒక పూత తగ్గిస్తే ఒక వైపే తేమ తాగి రెక్క వంగుతుంది, అక్కడ పొదుపు వద్దు. లేత రంగే మేలు. ముదురు గోధుమ రంగు ఉదయపు ఎండకు కాలి తొందరగా పొలుసులు లేస్తుంది.

నీళ్ళ పరీక్ష కింది నుంచి పైకి చేయాలి. లోపల పొడి న్యూస్‌పేపర్లు అతికించి, ముందు గడప దగ్గర ఐదు నిమిషాలు, తర్వాత నడుమ, ఆఖరున పైన. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తెలియదు. తడి కనబడింది ఒక్క చోటే, నడుమ సందు పై కొసన. లోపలి పట్టీ చట్రం మెట్టుకు తగలకుండా అర అంగుళం కిందే ఆగాలి కదా, ఆ ఖాళీలోంచి. అక్కడ చిన్న ఈపీడీఎం ముక్క అతికించి, బయటి పట్టీని రెక్క కొస దాటించి చట్రం పై పట్టె మీదికి అర అంగుళం ఎక్కించాక ఆగింది. చట్రం పైన గోడలోకి దూర్చిన అల్యూమినియం రేకు, దాని పైన 18 అంగుళాల చూరు కూడా వేశాం. చూరు కింద నేల గచ్చు అయితే ధార పడి చిమ్మి తలుపు అడుగును తడుపుతుంది, అందుకే అడుగున్నర మేర 20 మి.మీ. కంకర పరిచాం.

నవంబరు – వాయుగుండం తర్వాత

నడుమ సందు 6 నుంచి 4 మి.మీ.కు వచ్చింది, ఎక్కడా రాయడం లేదు. నీటి పట్టె గాడుల అంచున చుక్కలు వరుసగా వేలాడాయి, రాయి లోపలి మెట్టు పొడిగా ఉంది. ఈ నెలలో తలుపు కాస్త బిగుసుకుంటే చిత్రిక పట్టకూడదు. ఇప్పుడు తీసిన నూలు మే నెలలో రెండు నూళ్ళ ఖాళీ అవుతుంది. బందు స్క్రూలు వదులయ్యాయేమో ముందు చూడాలి.

గాలి ఉన్నప్పుడు తెరిచిన రెక్క విసురుగా వెళ్ళి గోడకు కొట్టుకుంటోంది. గోడకు రెండు స్టీలు కొక్కేలు, వెనక రబ్బరు గుండీలు పెట్టాం. రెక్క పూర్తిగా తెరిచి కొక్కెం వేయకుండా వదలకూడదు. పగిలిన బందులు చాలావరకు ఈ దెబ్బకు పోయినవే.

మిగిలిన పనులు: రేకుల కింద రెండు త్రికోణపు గోడల్లో దోమతెర వేసిన గాలి రంధ్రాలు, ఎందుకంటే తలుపు ఇంత బిగువుగా మూసుకుంటే లోపల తేమ నిలిచి సామానుకు బూజు పడుతుంది. జనవరిలో వెదురు మేకుల తలలకు మరో పూత. మే మూడో వారంలో సందులన్నీ కొలిచి చట్రం లోపలి ముఖాన పెన్సిలుతో రాసిపెట్టాలి, రబ్బరు మార్చేటప్పుడు ఏ మందం కొనాలో ఆ అంకెలే చెబుతాయి.